తీగలేని తోడు

వరద వచ్చినప్పుడు మనకు మొదట స్ఫురించునవి పడవ, అన్నము, మందు. కాని పడవ ఏ యూరికి పోవలెనో, మందు ఎవరికి కావలెనో తెలియనిదే అవి అక్కఱకు రావు. కావున ఆపదలో అన్నింటికంటె ముందు నడువవలసినది వార్త.

మన ఖమ్మము సీమకు నీటి భయము క్రొత్త కాదు. భద్రాచలమున గోదావరి 43 అడుగులకు చేరినచో మొదటి హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని ప్రకటింతురు. 1986 ఆగస్టులో ఆ నది 75.6 అడుగుల వఱకు పెరిగెను. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరెను. 2024 సెప్టెంబరు ఆరంభమున మున్నేరు పొంగి ఖమ్మము పట్టణమున ఏటియొడ్డు వాడలను ముంచెను. ఇట్టి వేళ సెల్‌ఫోను ఉన్నది కదా యని మనము ధైర్యముగా నుందుము. కాని అది పలుకవలెనన్న సమీపమున టవరు నిలిచియుండవలెను. దానికి విద్యుత్తు అందవలెను. దానిని తక్కిన ప్రపంచముతో కలుపు మార్గము చెడకుండవలెను. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినను ఫోను మూగవోవును. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు తంతి, టెలిఫోను స్తంభములు కూలిపోయెను. వేలకొలది జనులు మరణించిన ఆ ఘోరవార్త బయటికి వెంటనే పొక్కలేదు.

ఇట్టి సమయమున ఆదుకొనునది అమెచ్యూరు రేడియో. వేతనము కొరకు గాక అభిరుచిచే, ప్రభుత్వపు అనుమతి పొంది, స్వంత రేడియో యంత్రముతో పరస్పరము సంభాషించువారిని అమెచ్యూరు రేడియో వారందురు. వీరికే ‘హామ్’లని వాడుకపేరు. ప్రతివానికిని ఒక సంకేతనామ ముండును. ఈ విద్యను నేర్పుటకు 1983లో హైదరాబాదున నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అను సంస్థ స్థాపింపబడెను.

ఆ సంస్థకు చెందిన బృందము 2004 డిసెంబరులో శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వమున అండమాను దీవులకు పోయెను. 1987 తరువాత అచ్చటినుండి హామ్‌లు పలుకుట అదియే మొదలు. ఆమె ‘వి.యు.4 ఆర్.బి.ఐ.’ అను సంకేతనామముతో పోర్టుబ్లెయిరునుండి దేశదేశముల వారితో మాటలాడుచుండెను. డిసెంబరు 26వ తేదీ ఉదయము ఆరున్నర గంటల వేళ సుమత్రా సమీపమున సముద్రగర్భమున మహాభూకంపము సంభవించెను. దీవులు కంపించెను, పిమ్మట సునామీ విరుచుకుపడెను, విద్యుత్తు, టెలిఫోను స్తంభించెను. వినోదమునకై తెచ్చిన యంత్రము ఆ దినముననే ప్రాణాధారమయ్యెను. దీవులలో చిక్కినవారి క్షేమవార్తలు ఆమె మూలమున ప్రధానభూమిలోని బంధువులకు చేరెను. బృందమువారు కారునికోబారునందును ఒక కేంద్రము నెలకొల్పి, దానిని పోర్టుబ్లెయిరుతో కలిపిరి.

టవరు లేకుండ ఈ మాటలు ఎట్లు పోయెనని మీరడుగవచ్చును. భూమికి పైన అయనావరణమను పొరలు కలవు. హ్రస్వ తరంగములు వానిని తాకి అద్దముమీది వెలుగువలె మరలి, దూరమున భూమిపై పడును. మన అడవిసీమలో మఱియొక సౌకర్యము కలదు. చేతిలో పట్టుకొను చిన్న యంత్రములు సుమారు 145 మెగాహెర్ట్జులపై పలుకును. ఆ తరంగములు సూటిగా పోవును గనుక కొండ అడ్డమైనచో ఆగిపోవును. కాని 7 మెగాహెర్ట్జులకు సరిపడునట్లు సుమారు 20 మీటర్ల రాగితీగను రెండు చెట్లనడుమ అంతగా ఎత్తు లేకుండ కట్టినచో, తరంగములు దాదాపు నిట్టనిలువుగా పైకెగసి, చుట్టును కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగివచ్చును. వైరానుండి భద్రాచలము అడవిపల్లెలకు నడుమనున్న కొండలు అప్పుడు అడ్డము కావు. యంత్రమును నడుపుటకు 12 వోల్టుల కారు బ్యాటరీ చాలును.

అయితే యంత్రముకంటె ముఖ్యమైనది అభ్యాసము. ఆపదలో అందఱొక్కమారు పలికినచో ఎవరి మాటయు వినబడదు. అందుచే ఒక కేంద్రము పెత్తనము వహించి, తక్కినవారికి వంతులు నిర్ణయించును. ప్రాణాపాయపు కబురే ముందు, క్షేమసమాచారము తరువాత. ప్రతి కబురును వేళతో సహా వ్రాసికొని, తిరిగి చదివి వినిపించి సరిచూతురు. ఊరి పేరు పొరపడకుండ అక్షరమునకొక మాట చొప్పున పలుకుదురు. వైరా యన్న పేరును ఇంగ్లీషు అక్షరములతో చెప్పవలెనన్న ‘విస్కీ, యాంకీ, రోమియో, ఆల్ఫా’ యందురు. ఒక్క అక్షరము తప్పినచో పడవ మఱియొక యూరికి పోవును. ఆ తప్పునకు వెల ఒక నిండుప్రాణము కావచ్చును.

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వబూనుట తెలివి కాదు. బ్యాటరీని నింపియుంచుట, తీగను సరిచూచుట, వారమున కొకమారైనను తోటివారితో పలికి చూచుట వాన కురియకముందే జరుగవలసిన పనులు. హామ్‌లు ప్రభుత్వపు ఏర్పాటులకు బదులు కారు. అవి స్తంభించినచోట చేయూత మాత్రమే. పరీక్షలో ఉత్తీర్ణులై అనుమతి పొందినవారే యంత్రముపై పలుకవలెను. మీ యీడు బాలబాలికలు సైతము ఆ పరీక్షలో నెగ్గియున్నారు. విజ్ఞానము వినోదముగా నేర్చికొనదగినదే. కాని నేర్చినది ఒక చీకటిరాత్రి పొరుగూరి ప్రాణమును నిలిపినప్పుడే ఆ విద్యకు సార్థకత కలుగును.

ప్రశ్నలు

1. వరదవేళ సెల్‌ఫోను మూగవోవుటకు కారణములేవి?
2. 2004లో అండమాను దీవులలో అమెచ్యూరు రేడియో చేసిన సేవను వివరింపుము.
3. “యంత్రముకంటె ముఖ్యమైనది అభ్యాసము.” ఈ మాటను మీ యూరి పరిస్థితులకు అన్వయించి వ్రాయుము.