పండుగ కేకు – పాల లెక్క



సంఘానికి పూటపూటా పాలు పోసే ఇంట్లో పిల్లవాడి పుట్టినరోజు వచ్చినా, పండుగ వచ్చినా టెక్కలి నుంచో పలాస నుంచో అట్టపెట్టెలో కేకు తేవడం ఇప్పుడు మామూలైపోయింది. అలా తెచ్చే చవక రకాల కేకులు చాలావాటిపై నురగలా కనిపించే తెల్లని పూత పాలమీగడ కాదు. గట్టిపరచిన వంటనూనెలో పంచదార, రంగు, వాసన కలిపి గిలకొట్టి తీసినది. అంటే వెన్న శాతం చూపించి సంఘానికి పాలు అమ్ముతున్నాం, వెన్న లేని కేకును డబ్బిచ్చి కొంటున్నాం. ఈ లెక్క ఒకసారి సరిచూసుకోవాలన్నదే ఈ పాఠం ఉద్దేశం. భావనపాడు తీరంలోని ఇంట్లో, మన పొయ్యి మీద, మన పాలతో పండుగ కేకును ఎలా చేసుకోవచ్చో, అందుకు ఎన్ని పాలు వాడుకోవచ్చో, సంఘానికి నష్టం రాకుండా ఎలా నడుచుకోవాలో తెలుసుకుందాం.

గుమ్మడికాయ ముఖం ఎక్కడిది?

అక్టోబరు నెలాఖరున అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోనులో ఫొటోలు పంపుతుంటారు. గుమ్మడికాయకు కళ్ళు, కోరలు చెక్కి లోపల దీపం పెడతారు. కేకుల మీద సాలెగూళ్ళు, దయ్యాల ముఖాలు గీస్తారు. దీనిని హాలోవీన్ అంటారు. అక్టోబరు 31వ తేదీ రాత్రి జరుపుకుంటారు. నవంబరు 1 క్రైస్తవులకు సకల పరిశుద్ధుల పండుగ, 2వ తేదీ మృతుల స్మరణ దినం. మన జిల్లాలోని కథోలిక కుటుంబాలు సమాధులను శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ ఆ రెండవ తేదీనే వస్తుంది.

ఈ ఆచారం ఐర్లండు, స్కాట్లండు పల్లెలలో పుట్టింది. పంటకాలం ముగిసి చలికాలం మొదలయ్యే ఆ రాత్రి చనిపోయినవారి ఆత్మలు తిరుగుతాయని అక్కడి రైతులు నమ్మేవారు. మొదట్లో ముఖాలు చెక్కినది గుమ్మడికాయల మీద కాదు, టర్నిప్ దుంపల మీద. 1845లో మొదలైన బంగాళాదుంప కరువుతో లక్షలాది ఐర్లండు ప్రజలు అమెరికాకు వలసపోయారు. అక్కడ గుమ్మడికాయలు విరివిగా దొరికేవి గనుక వాటిని చెక్కడం అలవాటయింది. ఆ రోజుకు ఐర్లండులో ఎండుద్రాక్ష వేసి కాల్చే రొట్టె ఒకటి ఉంది. దాని పేరు బార్మ్‌బ్రాక్. అందులో ఉంగరమో నాణెమో దాచిపెట్టి, ఎవరి ముక్కలో వస్తే వారికి అదృష్టమని వేడుక చేస్తారు. ఇంగ్లండులోనైతే పూర్వం ఇంటింటికీ వచ్చిన పేదలకు చిన్న కేకులు పంచేవారు. తీసుకున్నవారు ఆ ఇంటి మృతుల కోసం ప్రార్థన చేసేవారు.

మన సభ్యులు గుర్తుంచుకోదగిన మరొక సంగతి ఉంది. అదే ఐర్లండులో 1889లో లిమరిక్ జిల్లాలోని డ్రమ్‌కొలొగర్ అనే ఊరిలో ఆ దేశపు మొదటి సహకార వెన్నశాల ఏర్పడింది. హొరేస్ ప్లంకెట్ అనే పెద్దమనిషి ఊరూరా తిరిగి రైతులను ఒప్పించి ఆ ఉద్యమాన్ని నడిపించాడు. దళారి చేతిలో మోసపోయే పాలరైతు సంఘం పెట్టుకుని వెన్న శాతం ప్రకారం ధర పొందడమనే మన కథ వారి కథ కూడా.

ఇక మనకు ఇది పూర్తిగా కొత్తదా? కాదు. దీపావళి అమావాస్యనాడు పితృదేవతలకు దివిటీ చూపడం మన పెద్దల ఆచారం. గోగు కాడలకు నూనె గుడ్డలు చుట్టి పిల్లలు దివిటీలు కొట్టడం మన ప్రాంతంలో ఇప్పటికీ ఉంది. ఇంటి గుమ్మానికి కట్టే బూడిదగుమ్మడికి కళ్ళు, కోరమీసాలు గీయడం మనకు తెలిసినదే. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజున, అక్టోబరు 31న వచ్చాయి. కాబట్టి పిల్లలు గుమ్మడి ముఖం కేకు కావాలని అడిగితే కసరుకోనక్కరలేదు. మన దిష్టిగుమ్మడి ముఖమే కేకు మీద వేసి ఇవ్వవచ్చు.

మన పక్కనే ఉన్న పాల కేకు

కేకు కాల్చడం కూడా మనకు పరాయి విద్య కాదు. దిబ్బరొట్టెకు కింద నిప్పు, పైన మూతమీద నిప్పు పెట్టి కాల్చే పద్ధతి మన అమ్మమ్మలకు తెలుసు. ఇచ్ఛాపురం దాటితే ఒరిస్సాలో రజ పండుగకు పోడపిఠా ఇలాగే కాలుస్తారు. పాలతో చేసే ఛెనాపోడకు నయాగఢ్ జిల్లా ప్రసిద్ధి. ఒరియాలో ఛెనా అంటే పాలవిరుగుడు ముద్ద, పోడ అంటే కాల్చినది. ఒరిస్సా పాల సమాఖ్య ఒమ్‌ఫెడ్ కూడా దీనిని తయారుచేసి అమ్ముతుంది. మైదా గాని, గుడ్డు గాని అవసరం లేని పాల కేకు ఇది.

పొయ్యి మీద కాల్చే పద్ధతి

మందపాటి డేగిసా గాని, వాషరూ విజిలూ తీసేసిన ప్రెషర్ కుక్కరు గాని తీసుకోవాలి. అడుగున రెండు అంగుళాల మందాన కళ్ళుప్పు పరచాలి. మనకు నౌపడ ఉప్పు దగ్గరలోనే ఉంది. ఉప్పు బదులు కడిగి బాగా ఎండబెట్టిన ఇసుక కూడా వాడవచ్చు. దానిమీద ఇనుప స్టాండు పెట్టి, మూతపెట్టి, 10 నిమిషాలు మధ్యరకం మంట మీద వేడెక్కనివ్వాలి. తరువాత కేకు గిన్నె లోపల పెట్టి మంట తగ్గించాలి. ఉప్పో ఇసుకో లేకుండా ఖాళీ కుక్కరును కాల్చరాదు, పాడవుతుంది. వాషరు, విజిల్ ఉంచి కాల్చడం ప్రమాదం.

మొదటి రకం: ఛెనాపోడ

కావలసినవి: ఆవుపాలు 2 లీటర్లు, పంచదార 125 గ్రాములు, బొంబాయి రవ్వ 2 పెద్ద చెంచాలు, నెయ్యి 2 చెంచాలు, ఏలకుల పొడి, పలాస జీడిపప్పు, కిస్‌మిస్, నిమ్మరసం.

చేయు విధము:
1. పాలను పొంగు వచ్చేదాకా కాచి దించి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. నిమ్మరసంలో అంతే నీళ్ళు కలిపి కొద్దికొద్దిగా పోస్తూ నెమ్మదిగా కలపాలి. పచ్చని తేటనీరు విడిపోగానే ఆపాలి. పులుపు ఎక్కువైతే ముద్ద గట్టిబడుతుంది.
2. పలుచని గుడ్డలో వడగట్టి, చన్నీటితో ఒకసారి కడిగి, అరగంట వేలాడదీయాలి. పూర్తిగా పిండివేయరాదు. 2 లీటర్ల ఆవుపాలకు సుమారు 350 గ్రాముల ముద్ద వస్తుంది. గేదెపాలకు ఇంకొంచెం ఎక్కువ వస్తుంది గాని గట్టిగా ఉంటుంది. అందుకే ఆవుపాలు మేలు.
3. ముద్దను అరచేతితో మెత్తగా మర్దించి, పంచదార, రవ్వ, నెయ్యి, ఏలకుల పొడి కలపాలి. గట్టిగా ఉంటే తేటనీరు రెండు చెంచాలు పోయాలి. 15 నిమిషాలు నాననివ్వాలి.
4. గిన్నెకు నెయ్యి రాసి, అడుగున అరిటాకు వేసి, ముద్దను సర్ది, జీడిపప్పు అద్ది, గంట నుంచి గంటంబావు కాల్చాలి. పైభాగం ఎర్రబడి, పుల్ల గుచ్చితే తడి లేకుండా రావాలి. బాగా చల్లారిన తరువాతే కోయాలి.

మిగిలిన తేటనీటిని పారబోయకండి. చపాతీ పిండి కలపవచ్చు, తవుడులో కలిపి పశువుకు పెట్టవచ్చు.

రెండవ రకం: గుమ్మడి కేకు

కావలసినవి: గోధుమపిండి 200 గ్రాములు, బెల్లం తురుము 150 గ్రాములు, ఉడికించి మెదిపిన తియ్యగుమ్మడి గుజ్జు 200 గ్రాములు, పెరుగు 100 గ్రాములు, కరిగిన నెయ్యి 75 గ్రాములు, బేకింగ్ పౌడరు 1 చిన్న చెంచా, వంటసోడా అర చెంచా, చిటికెడు ఉప్పు, సరిపడా పాలు.

బెల్లం, గుజ్జు, పెరుగు, నెయ్యి ఒక గిన్నెలో బాగా కలపాలి. పిండి, సోడా, బేకింగ్ పౌడరు, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించాలి. రెండింటినీ కలిపి, ఇడ్లీపిండి కన్న కొంచెం చిక్కగా ఉండేలా పాలు పోయాలి. ఎక్కువసేపు గిలకొట్టరాదు. పెరుగులోని పులుపు సోడాతో కలిసి బుడగలు పుట్టిస్తుంది, ఆ బుడగలే కేకును పొంగిస్తాయి. కలిపిన పిండి నిలవ ఉంచితే బుడగలు పోయి కేకు గట్టిబడుతుంది. కనుక పొయ్యి ముందే వేడిచేసి ఉంచుకుని, కలపగానే కాల్చాలి. 45 నిమిషాల నుంచి ఒక గంట పడుతుంది. మొదటి అరగంట మూత తీయకండి.

అలంకరణ

మన తీరంలోని ఉక్కకు గిలకొట్టిన మీగడ నిలవదు, కరిగి జారిపోతుంది. కోవా నిలుస్తుంది. లీటరు గేదెపాలను అయిదోవంతుకు మరిగిస్తే సుమారు 200 గ్రాముల కోవా వస్తుంది. పంచదార పొడి కలిపి మెత్తగా మర్దించి, చపాతీలా ఒత్తి కేకు మీద పరచవచ్చు.

రంగులకు బజారు పొడులు వద్దు. క్యారెట్ రసం ఇంకేదాకా మరిగించి కలిపితే గుమ్మడిరంగు, బీట్‌రూట్‌తో ఎరుపు, పాలకూర రసంతో ఆకుపచ్చ వస్తాయి. చిటికెడు పసుపు చాలు పసుపురంగుకు. మెటానిల్ యెల్లో, రొడమిన్-బి వంటి రంగులు ఆహారంలో నిషిద్ధం, అయినా విడిగా అమ్మే రంగుపొడుల్లో అవి బయటపడుతూనే ఉన్నాయి. గుమ్మడిరంగు కోవా పరచి, కళ్ళకు కిస్‌మిస్, కోరలకు జీడిపలుకులు, మీసాలకు బెల్లంపాకం గీత వేస్తే దిష్టిగుమ్మడి ముఖం సిద్ధం. తెల్లకోవాతో చిన్న దయ్యాలు చేసి చుట్టూ నిలబెట్టే పని పిల్లలకే వదలండి. అయిదేళ్ళలోపు పిల్లలకు మాత్రం జీడిపప్పు పలుకులుగా గాక పొడిగా ఇవ్వాలి, గొంతుకు అడ్డం పడవచ్చు.

గట్టిపరచిన నూనెలలోని ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటు చేస్తుంది. అందుకే ఆహార భద్రతా సంస్థ దానిని 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి మించరాదని నిర్ణయించింది. ఇంట్లో నెయ్యితో, కోవాతో చేసుకున్నంత మాత్రాన ఎంతైనా తినవచ్చని కాదు. కొవ్వు, తీపి రెండూ మితంగానే తినాలి.

సంఘం లెక్క

ఇక ముఖ్య విషయానికి వద్దాం. పండుగ వారంలో పట్నంలో పాల గిరాకీ ఎక్కువ, సంఘంలో పాలరాక తక్కువ. అంతకంటె చెడ్డది, వచ్చే పాలలో వెన్న తగ్గడం. పిండివంటలకని పాల పైమీగడ తీసేసి మిగతావి క్యానులో పోయడం కొన్నిచోట్ల కనబడుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. 5 లీటర్ల గేదెపాలు, వెన్న 6.5 శాతం. అందులో సుమారు 335 గ్రాముల వెన్న ఉంటుంది. 150 గ్రాముల మీగడ తీస్తే, దానిలో మూడోవంతు వెన్న అనుకుంటే, 50 గ్రాములు పోతుంది. మిగిలిన పాలలో వెన్న 5.7 శాతానికి దిగుతుంది. పైగా మీగడ తీసిన పాలలో లాక్టోమీటరు అంకె పెరుగుతుంది. దానిని దించడానికి నీళ్ళు పోస్తే అది రెండో తప్పు. ఇవి రెండూ గెర్బర్ పరీక్షలో, ఎస్.ఎన్.ఎఫ్. లెక్కలో బయటపడతాయి. నష్టం ఆ ఒక్క ఇంటిది కాదు. అందరి పాలూ ఒకే క్యానులో కలుస్తాయి గనుక సంఘం మొత్తానికి ధర తగ్గుతుంది, నిజాయితీగా పోసినవారూ నష్టపోతారు.

కనుక సరైన మార్గం ఇది. పండుగకు 2 లీటర్లు కావాలంటే 2 లీటర్లు నిండుపాలుగా విడిగా ఉంచుకోండి. మిగతావి ఉన్నవి ఉన్నట్టు పోయండి. ముందురోజే కార్యదర్శికి చెబితే క్యాన్ల లెక్క ఆయన సరిచూసుకుంటారు. లీటరు 40 రూపాయలు అనుకుంటే 2 లీటర్లకు 80, మిగతా దినుసులకూ గ్యాసుకూ 60 వేసుకున్నా, 140 రూపాయలకు ఇంటిల్లిపాదికీ అసలైన పాల కేకు వస్తుంది. మీ పాలబిల్లులోని ధర వేసి మీరే లెక్క చూసుకోండి.

జాగ్రత్తలు

– పొదుగువాపు ఉన్న పశువు పాలు, మందుల ఇంజక్షను వేసిన పశువు పాలు పశువైద్యుడు చెప్పిన గడువు తీరేవరకు వాడరాదు. కాచినా మందు అవశేషం పోదు.
– సంఘంలో పులిసినవని తిరిగివచ్చిన పాలను, కాచేటప్పుడు దానంతట విరిగి దుర్వాసన లేకుంటేనే వెంటనే ఛెనా తీయవచ్చు. వాసన మారితే పారబోయడమే మంచిది.
– కేకును ఆ రోజు, మరునాటిలోపు తినేయాలి. అక్టోబరు మన తీరానికి తుపానుల నెల. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌ను నమ్మి కోవా నిలవ చేయకండి.
– అమ్మదలచిన మహిళా సభ్యులు ముందుగా ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ పొందాలి.

సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. మీగడ తీసిన పాలలో లాక్టోమీటరు అంకె ఎందుకు పెరుగుతుంది?
2. ఛెనాకు గేదెపాల కంటె ఆవుపాలు ఎందుకు మేలు?
3. మీ సంఘంలో పండుగ వారపు పాలరాక, వెన్న శాతం గత మూడు నెలలతో పోలిస్తే ఎలా ఉన్నాయి? రిజిస్టరు తెచ్చి అందరి ఎదుట చదవండి.