నాలుగు భాషల గ్రామము

మహారాష్ట్రమున సాంగ్లీ జిల్లా కన్నడదేశపు సరిహద్దున నున్నది. ఆ జిల్లాలోని కుప్వార్ అను గ్రామమున జనులు మాటాడు తీరును పరిశీలించి, జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ అను పండితులు 1971 లో ఒక వ్యాసము ప్రకటించిరి. అప్పటి గ్రామ జనసంఖ్య సుమారు 3,000. అంత చిన్న యూరిలో నాలుగు భాషలు వినవచ్చుచుండెను. భూములుగల జైనులును, చేతిపనులు చేయు లింగాయతులును కన్నడము మాటాడెడివారు. మహమ్మదీయుల యింటిభాష ఉర్దూ. కూలిపనివారిలో పెక్కుమందిది మరాఠీ. పగ్గములు పేని జీవించు కొలదిమంది మాత్రము తెలుగువారు.

ఇట్టి యూరిలో ఒకరి మాట వేరొకరికి తెలియుట యెట్లని సందేహము కలుగవచ్చును. పురుషులలో పలువురు రెండు మూడు భాషలెరిగినవారే. అవి పుస్తకములు చదివి నేర్చినవి కావు. పొలము గట్టునను, అంగడియొద్దను వినివిని పట్టుపడినవి. పగ్గములు పేనువాడు ఇంట ఆలుబిడ్డలతో తెలుగున ముచ్చటించుచుండును. ఇంతలో వాకిట రైతు నిలిచి మోకు కావలెనని కేకవేయును. గడప దాటునప్పటికే పగ్గములవాని నాలుక మరాఠీకి తిరుగును. బేరము ముగించి లోనికి వచ్చుసరికి మరల తెలుగే. దీనికై అతడు క్షణమైనను ఆగి యాలోచింపడు. రెండు భాషలవాడు మాట మార్చుట తికమకవలననో, తెలియనితనము వలననో యని కొందరు తలంతురు. అది పొరపాటు. ఎదుట నున్నవారెవరు, చోటేది, పని యెట్టిది అను లెక్క అతని మనస్సులో నడచుచునే యుండును.

భూములును పలుకుబడియు కన్నడమువారివి గదా, ఊరుమ్మడి భాష కన్నడమే కావలదా? కాలేదు. నలుగురు కూడినచోట మరాఠీయే వినబడెను. అది ఊరి పెద్దల యింటిభాష కాదు. కావున దానిని మాటాడుటలో ఒకరు తగ్గుటయు, వేరొకరు హెచ్చుటయు లేదు.

ఇంతకంటె వింతయైనది మరియొకటి కలదు. ఆ పండితులు ఊరిలోని మరాఠీ, కన్నడ, ఉర్దూలను పోల్చి చూచిరి. "ఆకు కొంచెము కోసి తీసికొని వచ్చితిని" అను భావమును మూడు భాషలలోను ఒకే వరుసలో చెప్పుచుండిరి. మాటకు మాట మార్చిన చాలును, వాక్యము కదలదు. తరతరములుగా దినమునకు పలుమార్లు భాష మార్చి మాటాడుటచేత వాక్యపు కట్టు ఒక్కటైనది. లింగములు సైతము మారినవి. ఉర్దూలో నది స్త్రీలింగము. వరద వచ్చినదనుటకు గ్రంథములనెరిగినవారు "నదీ ఆయీ" యందురు. కుప్వార్ వారు "నదీ ఆయా" యనిరి. కన్నడమున నిర్జీవ వస్తువునకు స్త్రీలింగ క్రియ లేదు. ఆ పద్ధతియే పొరుగు భాషలో ప్రవేశించినది. వ్యాకరణ పండితుడు దీనిని తప్పని గీత గీయవచ్చును. కాని ఊరంతయు ఒకేరీతి చేయు తప్పును తప్పనుట కష్టము.

తెలుగుదేశమునను ఇట్టిది లేకపోలేదు. ఉత్తరాది ఉర్దూలో ఒకరన్న మాటను తిరిగి చెప్పుటకు ముందుగా "కి" యని చేర్చుదురు. హైదరాబాదు దక్కనీలో మాట ముగిసిన పిమ్మట "బోల్కే" యందురు. తెలుగువాడు "వచ్చెదనని చెప్పెను" అనుచోట "అని" నిలుచు తావుననే "బోల్కే" నిలుచును. ఒకే వీధిలో రెండు భాషలు కలసి బ్రదికిన గురుతు అది.

కుప్వార్ లో వాక్యములిట్లు ఒక్కటైనను, మాటలు మాత్రము పూర్తిగా కలియలేదు. వియ్యమందుటయు, పండుగ చేసికొనుటయు ఎవరిలో వారికే. ఇంటిమాట విడిచినవాడు ఇంటివారికి పరాయివాడైనట్లు తోచును. అందుచేతనే పగ్గములు పేనువారు, లెక్కకు కొలదిమందియే యైనను, వీధిలోని మరాఠీని గడప వెలుపలనే నిలిపి, లోపల తెలుగునే మాటాడుచుండిరి.