గుమ్మానికో గేటు.. చేతికో పని

కుక్క వంటింట్లోకి రాకూడదు, పూజ గదిలోకి అసలే రాకూడదు. తలుపు మూసేస్తేనేమో గీకుతుంది, అరిచి పక్క ఫ్లాట్ వాళ్లను లేపుతుంది. అవతలి మనుషులు దానికి కనిపిస్తూ ఉండాలి, దారి మాత్రం ఉండకూడదు. ఇంటి లోపల కట్టే చిన్న గేటుకు గిరాకీ ఇక్కడే. రెడీమేడ్ గేట్లు చాలావరకు మామూలు తలుపు వెడల్పుకే సరిపోతాయి. హాలుకూ ఓపెన్ కిచెన్‌కూ మధ్య ఆరేడడుగుల ఖాళీ ఉంటే, కొలిచి చేసేవాణ్ని పిలవాల్సిందే.

ఐటీఐల్లో ఇలాంటి గేట్ల తయారీ పేరుతో ట్రేడ్ ఏదీ లేదు. పాత చేతిపనుల మీదుగానే ఇక్కడికి చేరాలి. ఎనిమిదో తరగతి పాసైనవారు ఏడాది వెల్డర్ ట్రేడ్‌లో చేరొచ్చు. వడ్రంగం ఇప్పుడు ‘వుడ్ వర్క్ టెక్నీషియన్’ పేరుతో ఉంది, అదీ ఏడాదే. పదో తరగతి పాసైతే రెండేళ్ల ఫిట్టర్ ఉంది. నన్నడిగితే, వెల్డింగ్ నేర్చుకుని ఆపైన కొన్నాళ్లు ఇంటీరియర్ కాంట్రాక్టరు దగ్గర చెక్కపని చూసినవారికే ఇందులో పట్టు దొరుకుతుంది.

ఈ పనిలో డబ్బు వచ్చేదీ పోయేదీ కొలత దగ్గరే. మన గోడలు పూర్తి నిటారుగా ఉండటం అరుదు. వెడల్పును కింద, మధ్యలో, పైన కొలిచి తక్కువ వచ్చిన అంకె పట్టుకోవాలి. స్కర్టింగ్ టైల్ ముందుకు పొడుచుకొచ్చే మందాన్ని మరిస్తే, వర్క్‌షాప్‌లో చక్కగా కుదిరిన గేటు ఇంటికి తెచ్చాక పట్టదు. కొత్త భవనాల్లో చాలాచోట్ల గోడలు తేలికపాటి ఏఏసీ బ్లాకులవి. వాటిలో మామూలు ప్లగ్గులు వేస్తే, లాబ్రడార్ నాలుగుసార్లు మీద పడేసరికి స్క్రూలు ఊడి చేతికొస్తాయి. ఆ బ్లాకుల కోసం చేసిన యాంకర్లు వేరే ఉన్నాయి, అవే వాడాలి. అద్దె ఇంట్లో గోడకు రంధ్రం వేయనివ్వరు కాబట్టి రెండువైపులా ఒత్తిడితో బిగుసుకునే రకం చేస్తాం. దాన్ని మెట్ల పైన మాత్రం పెట్టొద్దు. గట్టిగా తోస్తే జారిపోతుంది, కింది పట్టీ కాలికి తగులుతుంది. పెద్దవాళ్లున్న ఇల్లయితే ఈ సంగతి వాళ్లు అడగకముందే మీరే చెప్పాలి.

జంతువు గురించీ తెలియాలి. ఎదిగిన మగ లాబ్రడార్ భుజం దగ్గర దాదాపు రెండడుగులు ఉంటుంది, గేటు మూడడుగులకు తగ్గకపోతే మంచిది. కమ్ములు నిలువుగా వేయండి, అడ్డంగా వేస్తే ఎక్కడానికి మెట్లు కట్టినట్టే. సందులు కుక్కపిల్ల తల దూరనంత ఇరుకుగా ఉండాలి. పళ్లు వచ్చే వయసులో అది దొరికిందల్లా కొరుకుతుంది కాబట్టి రంగు విషయంలో చౌక చూడొద్దు. 2017 నవంబరు నుంచి ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన ఉంది, కొనేముందు డబ్బా మీద చదవండి. పిల్లి విషయంలో ఈ లెక్కలేవీ పనికిరావు. మూడడుగుల గేటు దానికి ఒక్క గెంతు! పైదాకా జాలీ తలుపు పెట్టించుకుంటామంటే సరే, లేదంటే ఆ ఆర్డరు వద్దనడమే మర్యాద.

నెలంతా గేట్లే చేసి బతకొచ్చని ఆశ పెట్టను. కిటికీ గ్రిల్లులు, బాల్కనీ జాలీలు, వార్డ్‌రోబ్‌ల పక్కన ఇది అదనపు రాబడి. ధర చెప్పేటప్పుడు చాలామంది సామగ్రికి కూలి కలిపి ఊరుకుంటారు. కొలతకోసారి, బిగింపుకోసారి, కుక్క గుద్దులకు వదులైన గొళ్లెం సరిచేయడానికి ఇంకోసారి వెళ్లాలి. ఆ రాకపోకల ఖర్చూ ధరలో పడాలి. పశువైద్యుల క్లినిక్‌లో మీ ఫోన్ నంబరు ఇచ్చి ఉంచితే ప్రకటనల ఖర్చు తప్పుతుంది.

పెట్టుబడికి 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకాన్ని చూడొచ్చు. 18 ఏళ్లు నిండి, వడ్రంగమో కమ్మరమో సొంతంగా చేస్తున్నవారికి శిక్షణలో రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15,000 వరకు, 5 శాతం వడ్డీతో మొదటి విడతగా రూ.లక్ష వరకు పూచీకత్తు లేని రుణం ఇందులో ఉన్నాయి. అందులోని 18 వృత్తుల జాబితాలో వెల్డింగ్ లేదు. వెల్డర్లు బ్యాంకులో రూ.50,000 వరకు ఇచ్చే ముద్రా శిశు రుణం గురించి అడగండి.