రక్తకణానికి తలుపు ఎక్కడ?

ఈసారి గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు నాది.

పోయిన వానాకాలం నాకు చలిజ్వరం వచ్చినప్పుడు వేలు పొడిచి గాజుపలక మీద రక్తం తీసినారు. ల్యాబులో ఉండే అన్న నన్ను కూడా సూక్ష్మదర్శినిలో చూడనిచ్చినాడు. ఎర్ర రక్తకణాలు లేత గులాబీ రంగులో బొట్టుబిళ్లల లాగా ఉన్నాయి. ఒకదాని లోపల సన్నని నీలం ఉంగరం, దానికి ఒక ఎర్రచుక్క. అదే మలేరియా పరాన్నజీవి. సెలవులకు పోయినప్పుడు మా అవ్వకు ఇదంతా చెప్పినా. అవ్వ అంతా విని, "అది లోపలికి ఎట్ల పాయె? దానికి తలుపు ఉంటాదా?" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. సైన్సు సారును అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా.

దోమ కథ మనకు తెలిసిందే. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూసినాడు. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఇప్పటికీ ఉంది. కానీ అవ్వ అడిగింది దోమ గురించి కాదు, కణం గోడ గురించి. అది రాస్ సూక్ష్మదర్శినికి అందదు. మన ల్యాబులో ఎర్రగడ్డ పొర చూసే దానికీ అందదు.

ఎందుకు అందదంటే, రక్తకణం వెడల్పు 7 లేక 8 మైక్రాన్లు. దానిలోకి దూరే పరాన్నజీవి ఒకటి, ఒకటిన్నర మైక్రాన్ మాత్రమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కాంతి ఒక అల. 1873లో ఎర్నెస్ట్ అబ్బే అనే జర్మనీ శాస్త్రవేత్త ఒక హద్దు చెప్పినాడు. అల పొడవులో సుమారు సగం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు మామూలు సూక్ష్మదర్శినిలో ఒకటిగానే కనిపిస్తాయి. ఆ హద్దు సుమారు 0.2 మైక్రాన్. రాత్రిపూట ఎదురు కొండ మీద పక్కపక్కనే పెట్టిన రెండు దీపాలు మనకు ఒకటే వెలుగుగా అగుపడవా? అట్లాగే. కటకం ఎంత పెద్దది చేసి చూపినా ఆ మసక పెద్దది అవుతుంది, అంతే.

ఇప్పుడు రంగుల సంగతి. కణం లోపలివన్నీ దాదాపు గాజు లాగా ఉంటాయి. అందుకని కొన్ని ప్రత్యేకమైన రంగులు వాడతారు. అవి నీలం కాంతిని మింగి ఆకుపచ్చ కాంతిని ఇస్తాయి, లేదా ఆకుపచ్చను మింగి ఎరుపును ఇస్తాయి. దీన్ని ప్రతిదీప్తి అంటారు. నోట్లు పరీక్షించే దీపం కింద రూపాయి నోటు మీది నంబరు వెలుగుతుంది కదా, అదే ఇది. (తేలు కూడా ఆ దీపం కింద వెలుగుతుందంట. మన బాత్‌రూముల దగ్గరికి అట్లాంటిది ఒకటి కొనిస్తే బాగుండు, మేడం!) ఒక్కొక్క ప్రోటీనుకే అతుక్కునే ప్రతిరక్షకాలు ఉంటాయి. వాటికి ఒక్కొక్క రంగు కట్టి పంపితే ఎవరు ఎవరో తెలుస్తుంది.

కానీ ఇక్కడే ఒక మోసం ఉంది, నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఎర్రచుక్క, ఆకుపచ్చ చుక్క 0.2 మైక్రాన్ల లోపల ఉంటే మసకలు ఒకదాని మీద ఒకటి పడి పసుపుపచ్చగా కనిపిస్తాయి. చూసినవాళ్లు ఆ రెండూ తాకుతున్నాయి అనుకుంటారు. నిజానికి మధ్యలో ఖాళీ ఉండొచ్చు. రంగు ఒక్కటే ఉంటే చాలదు, హద్దు కూడా దాటాలి.

దాటడానికి ఒక ఉపాయం మన దోమతెరలోనే ఉంది. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేసి కొంచెం తిప్పండి. పెద్ద పెద్ద అలలు కనిపిస్తాయి. తెర కన్నాలు కంటికి ఆననంత సన్నగా ఉన్నా ఆ అలలు కనిపిస్తాయి. ఒక తెర లెక్క మనకు ముందే తెలిస్తే, అలలను బట్టి రెండో తెర ఎట్లా ఉందో కనుక్కోవచ్చు. శాస్త్రవేత్తలు కణం మీద చారలు చారలుగా కాంతి వేసి, చారలను జరిపి, తిప్పి చాలా ఫొటోలు తీస్తారు. కంప్యూటరు లెక్క కట్టి రెండింతలు స్పష్టమైన బొమ్మ ఇస్తుంది. ఇంకో ఉపాయం కొండ మీది దీపాలదే. అన్నీ ఒకేసారి కాక ఒకసారికి కొన్నే వెలిగితే, ఒక్కొక్క దాని చోటు గుర్తు పెట్టుకోవచ్చు. ఇట్లాంటి పద్ధతులకు 2014లో బెట్‌జిగ్, హెల్, మోర్నర్ అనే ముగ్గురికి రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చినారు.

రంగులు ఎక్కువైతే ఇంకో తంటా. ఎరుపు, నీలం కాంతులు కటకంలో ఒకే తీరుగా వంగవు. దేవుని క్యాలెండరులో ఎరుపు అచ్చు పెదవుల పక్కకు జరిగినట్లు బొమ్మలు జరుగుతాయి. అందుకని అన్ని రంగుల్లోనూ వెలిగే చిన్న పూసలను ముందు ఫొటో తీసి, వాటిని బట్టి సరిచేస్తారు.

2011లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చారల కాంతితోనే, పరాన్నజీవి రక్తకణంలోకి దూరే బొమ్మలు తీసినారు. అవ్వ అడిగిన తలుపు అందులో ఉంది! అది ముందే ఉన్న తలుపు కాదు. పరాన్నజీవి తన ప్రోటీన్లను కణం పొరలో దిగేసి, ఉంగరం లాంటి కట్టు చేసుకుంటుంది. ఆ ఉంగరంలో నుంచి లోపలికి జారుతుంది. ఉంగరం ముందు దాని తల దగ్గర, తర్వాత నడుము దగ్గర, చివరికి తోక దగ్గర. మేము గాజులు చేతికి ఎక్కించుకునేటప్పుడు గాజు జరిగినట్లే.

అవి కదిలే సినిమా కాదు, మందు వేసి ఆపేసిన కణాల బొమ్మలు. ఒక్కొక్కటి ఒక్కో క్షణంలో ఆగిపోయింది, వాళ్లు వరుసగా పేర్చి చూసుకున్నారు. జ్వరం పరీక్షకు ఈ యంత్రం పనికిరాదు, దానికి మన వేలి రక్తం, ల్యాబు అన్న చాలు. కానీ తలుపు చేసేది పరాన్నజీవే అని తెలిస్తే దాన్ని ఆపే దారి వెతకొచ్చు. ఆర్‌హెచ్5 అని, అది లోపలికి దూరడానికి వాడుకునే ఒక ప్రోటీను ఉంది. దాన్ని అడ్డుకునే టీకాను ఆఫ్రికాలో బుర్కినా ఫాసో పిల్లలకు ఇచ్చి పరీక్షించినారు.

పక్కన ఉన్న బొమ్మ నేనే వేసినా. కేంద్రకం నీలం, పైపొర ఆకుపచ్చ. ఉంగరానికి ఎరుపు వేయాలి, పెన్సిలు అయిపోయింది కాబట్టి నారింజ వేసినా. తప్పు పట్టొద్దు. ఆ యంత్రాల కెమెరాలు కూడా నలుపు తెలుపులోనే తీస్తాయి, రంగులు తర్వాత మనుషులే వేస్తారు.