విషము మిగిలిన నేల

వాక్యభాగము: లూకా 19:1–10, మత్తయి 5:23–24
ముఖ్యాంశము: సమాధానపడిన తరువాత సరిదిద్దవలసిన పని మిగిలియుండును.



జక్కయ్య ప్రభువును తన యింట చేర్చుకొన్నప్పుడు పశ్చాత్తాపమును మాటలతో సరిపెట్టలేదు. తాను నష్టపరచినవారికి నాలుగంతలు తిరిగి ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. ఈ పాఠమును రెండు దేశముల చరిత్రతో కలిపి ధ్యానింతము.

వియత్నాం యుద్ధములో శత్రువులు దాగే అడవులను, వారికి తిండినిచ్చే పంటలను పాడుచేయుటకు అమెరికా సైన్యము 1961 నుండి 1971 వరకు 7 కోట్ల లీటర్లకు పైగా మొక్కలను చంపే మందులు చల్లింది. వాటిలో ఎక్కువగా వాడినది ‘ఏజెంట్ ఆరెంజ్’. పీపాలపై నారింజ రంగు పట్టీ ఉన్నందున దానికి ఆ పేరు. అందులో డయాక్సిన్ అనే విషము కలిసియున్నది. ఇది కేన్సరు కలిగించగలదు. మందులు నిలువచేసిన సైనిక విమానాశ్రయముల మట్టిలో, చెరువుల బురదలో ఈ విషము నిలిచిపోయింది. అక్కడనుండి చేపలకు, వాటిని తిన్నవారికి చేరింది. యుద్ధము ఎరుగని బిడ్డలు కూడ ఆ చేపలు తిన్నారు.

1975లో యుద్ధము ముగిసింది. 1995లో ఇరు దేశములు దౌత్య సంబంధములు కలుపుకొన్నవి. విషము మాత్రము కదలలేదు. అమెరికా 1991లో తన మాజీ సైనికుల కొరకు చట్టము చేసింది. వియత్నాం బాధితులు అక్కడి కోర్టులో వేసిన దావా 2005లో కొట్టివేయబడింది.

అయినను 2007లో సెనేటరు పాట్రిక్ లేహీ చొరవతో అమెరికా ఈ పనికి 30 లక్షల డాలర్లు కేటాయించింది. 2012లో డా నాంగ్ విమానాశ్రయమువద్ద ఒకప్పటి శత్రువులే కలిసి మట్టి త్రవ్వి, 300 డిగ్రీలకు పైగా వేడిచేసి విషమును నశింపజేయుట మొదలుపెట్టిరి. 2018లో ఆ పని ముగిసింది. అంతకంటె పెద్దదైన బియెన్ హోవా పని 2019లో ఆరంభమైంది. ఇది నాలుగంతలు కాదు, పోయిన ప్రాణములను తేలేదు. అయినను ఇది చేతులతో చేసిన పశ్చాత్తాపము.

మన సంఘములలో ఒకరిపై నింద వేసి, తరువాత చేయి కలుపుతాము. ఆ నింద విన్నవారి మనస్సులో అలాగే ఉంటుంది. ఎవరి యెదుట నింద వేసితిమో వారి యెదుటనే దానిని దిద్దవలెను.

ఆలోచించుడి:
1. జక్కయ్య క్షమాపణతోనే ఆగియుంటే నష్టపోయినవారికి ఏమి మిగిలేది?
2. తన వారి బాధను ముందు చూచి, ఎదుటివారి బాధను ఆలస్యముగా చూచుట మనలో ఉన్నదా?
3. ప్రభువు బల్లకు వచ్చుటకు ముందు నేను సరిదిద్దవలసినది ఏది?