వోచరు లేని ఎంట్రీ వేయకూడదు
(న్యూమోనియా కోడింగు – ఒక పాఠం)

 

నేను డాక్టరును కాను. బి.కాం. చదివి 1982 నుంచి 2019 వరకు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఈసారి స్కాలర్‌షిప్పు దరఖాస్తులు చూస్తుంటే కొందరు పిల్లలు డిగ్రీ అయ్యాక మెడికల్ కోడింగు నేర్చుకుంటామని రాశారు. "అందులో ఏముంటుందండీ, కంప్యూటరులో నంబర్లు కొట్టడమేనా?" అని ఒక తండ్రి అడిగారు. ఆయనకు జవాబుగా, బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యూమోనియా అనే ఒక్క జబ్బును తీసుకొని ఈ పాఠం రాస్తున్నాను.

మా ఇంట్లో జరిగిన సంగతి

2023లో నా భార్య జ్వరం, ఆయాసంతో కోయంబత్తూరులో ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఎక్స్-రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో నెమ్ము కనిపించింది. కఫం పరీక్షలో క్రిమి పేరు కూడా తేలింది. వైద్యం బాగా చేశారు. కానీ డిశ్చార్జి సమ్మరీలో జబ్బు పేరు దగ్గర "ఛాతీ ఇన్ఫెక్షన్" అని మాత్రమే రాశారు. ఇంతమాత్రానికి ఆరు రోజులు ఆసుపత్రిలో ఎందుకు ఉండవలసి వచ్చిందని ఇన్సూరెన్సు వారు క్లెయిము ఆపారు. డాక్టరు గారి దగ్గర వివరంగా ఉత్తరం తెచ్చి ఇచ్చి, డబ్బు చేతికి వచ్చేసరికి ఏడు వారాలయింది. ఈలోగా బిల్లు కట్టడానికి గడువు తీరని ఫిక్సెడ్ డిపాజిట్టు ఒకటి క్లోజ్ చేశాను.

చెన్నైలో కోడరుగా పనిచేసే మా అన్నయ్య కూతురు ఆ కాగితాలన్నీ చూసింది. "చిన్నాయనా, ల్యాబు రిపోర్టులో ఎంత ఉన్నా, డాక్టరు రాయనిది మేము కూడా కోడు చేయలేము" అంది. "మా బ్యాంకులో కూడా అంతేనమ్మా, వోచరు మీద ఆఫీసరు సంతకం లేకపోతే లెడ్జరులో ఎంట్రీ వేయము" అన్నాను. ఆ రోజు ఆమె చెప్పినదే ఇక్కడ వరుసగా పెడుతున్నాను.

కోడు అంటే ఏమిటి?

చెన్నై, హైదరాబాదు, కోయంబత్తూరు వంటి ఊళ్ళలో మన పిల్లలు చేసే కోడింగు పని చాలావరకు అమెరికా ఆసుపత్రుల రికార్డులది. అక్కడ 2015 అక్టోబరు 1 నుంచి ఐసిడి-10-సిఎం అనే కోడ్ల పట్టిక వాడుతున్నారు. న్యూమోనియాకు అందులో ముఖ్యమైనవి ఇవి:

జె 13 – స్ట్రెప్టోకాకస్ న్యూమోనియే వల్ల వచ్చినది
జె 14 – హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే వల్ల వచ్చినది
జె 15.0 – క్లెబ్సియెల్లా వల్ల వచ్చినది
జె 15.1 – సూడోమోనాస్ వల్ల వచ్చినది
జె 15.211 – మెథిసిలిన్ మందుకు లొంగే స్టాఫిలోకాకస్ ఆరియస్ వల్ల వచ్చినది
జె 15.212 – అదే క్రిమి, మెథిసిలిన్‌కు లొంగనిది (ఎం.ఆర్.ఎస్.ఎ.)
జె 15.9 – బ్యాక్టీరియా అని రాశారు, ఏ బ్యాక్టీరియానో రాయలేదు
జె 18.9 – ఏ క్రిమి వల్ల అన్నది ఏమీ రాయలేదు

జె 18.9 మా సస్పెన్స్ అకౌంటు వంటిది. వివరం తెలియనప్పుడు అక్కడ వేయడం తప్పు కాదు. అయితే వివరం దొరికే వీలున్నా అడగకుండా అక్కడే వదిలేయడం మంచి పని కాదు.

గుర్తుంచుకోవలసిన నాలుగు నియమాలు

1. ల్యాబు రిపోర్టు వోచరు కాదు. కఫం పరీక్షలో క్లెబ్సియెల్లా అని ఉండి, డాక్టరు "న్యూమోనియా" అని మాత్రమే రాస్తే, కోడరు సొంతంగా జె 15.0 వేయకూడదు. గొంతులో ఊరికే ఉన్న క్రిమి కూడా ఆ పరీక్షలో కనిపించవచ్చు. జబ్బుకు కారణం అదేనా అని తేల్చవలసినది డాక్టరే. కాబట్టి ఆయనకు ప్రశ్న పంపాలి. దాన్ని "క్వెరీ" అంటారు. "క్లెబ్సియెల్లా అని రాయండి" అన్నట్టు అడగకూడదు. "కఫం పరీక్ష ఫలితం ఇది, ఇచ్చిన మందు ఇది. న్యూమోనియాకు కారణమైన క్రిమి ఏదో మీ అభిప్రాయం తెలుపగలరు" అని అడగాలి. "చెప్పలేము" అని జవాబివ్వడానికి కూడా చోటు ఉంచాలి. ఏ కోడుకు ఎంత డబ్బు వస్తుందన్న మాట క్వెరీలో రానే రాకూడదు.

2. "కావచ్చు" అనే మాట. ఆసుపత్రిలో అడ్మిటైన రోగికి డిశ్చార్జి సమయంలో కూడా డాక్టరు "ఫలానా న్యూమోనియా కావచ్చు" అని రాసి ఉంటే, దాన్ని ఉన్నట్టుగానే కోడు చేస్తారు. ఓ.పి. రోగికి అలా చేయకూడదు. అక్కడ దగ్గు, జ్వరం వంటి లక్షణాలనే కోడు చేయాలి.

3. లోబ్ అన్న మాట చూసి మోసపోవద్దు. "కుడి కింది లోబ్‌లో న్యూమోనియా" అంటే అది ఉన్న చోటు మాత్రమే, కోడు జె 18.9. డాక్టరు "లోబార్ న్యూమోనియా" అని రాసి, క్రిమి పేరు రాయకపోతేనే జె 18.1.

4. వెంటిలేటరు మీద ఉన్నంత మాత్రాన జె 95.851 వేయకూడదు. న్యూమోనియా ఆ వెంటిలేటరు వల్లనే వచ్చిందని డాక్టరు రాసి ఉండాలి.

ఇంత పట్టింపు ఎందుకు?

అమెరికాలో మెడికేర్ ప్రభుత్వ బీమా జబ్బుల గుంపును బట్టి ఆసుపత్రికి డబ్బు చెల్లిస్తుంది. ప్రధాన జబ్బు జె 13, జె 15.9, జె 18.9 అయితే 193 నుంచి 195 వరకు ఉన్న గుంపుల్లో పడుతుంది. క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, స్టాఫిలోకాకస్ అయితే 177 నుంచి 179 వరకు ఉన్న గుంపులు, వాటికి చెల్లింపు ఎక్కువ. ఆశ పుట్టేది ఇక్కడే. 1990ల చివర్లో అమెరికా ప్రభుత్వం న్యూమోనియా బిల్లుల మీదనే ప్రత్యేకంగా విచారణ జరిపింది. ఆధారం లేకుండా ఎక్కువ చెల్లింపు వచ్చే కోడు వేసిన ఆసుపత్రులు డబ్బు తిరిగి కట్టవలసి వచ్చింది. తక్కువగా రాస్తే రోగి జబ్బు తీవ్రత కనబడదు, ఎక్కువగా రాస్తే మోసమవుతుంది. రెండూ తప్పుడు లెక్కలే.

అభ్యాసము

అ) ఓ.పి. రోగి. దగ్గు, జ్వరం. "న్యూమోనియా కావచ్చు" అని రాశారు.
ఆ) అడ్మిటైన రోగి. డిశ్చార్జిలో "సూడోమోనాస్ న్యూమోనియా కావచ్చు" అని ఉంది.
ఇ) అడ్మిటైన రోగి. డాక్టరు "న్యూమోనియా" అని రాశారు. కఫంలో ఎం.ఆర్.ఎస్.ఎ. ఉంది, దాని గురించి డాక్టరు ఏమీ రాయలేదు.

జవాబులు: అ) ఆర్ 05.9, ఆర్ 50.9. ఆ) జె 15.1. ఇ) ముందు క్వెరీ పంపాలి. జవాబు రాకపోతే జె 18.9.

తల్లిదండ్రులకు రెండు మాటలు

ఫీజు కట్టేముందు, ఏ సంవత్సరపు కోడు పుస్తకంతో చెబుతారో అడగండి. ప్రతి అక్టోబరు 1న మార్పులు వస్తాయి. ఉదాహరణకు 2023 అక్టోబరు 1 నుంచి జె 15.6 రెండయింది: ఎసినెటోబ్యాక్టర్ బౌమానీకి జె 15.61, ఇతర గ్రామ్-నెగెటివ్ క్రిములకు జె 15.69. పాత పుస్తకం చవకగా వచ్చినా పరీక్షకు పనికిరాదు. శరీర నిర్మాణం, జబ్బుల పేర్లు ఓపికగా నేర్చుకోనిదే ఈ పని రాదు. కామర్సు చదివిన పిల్లలు దానికి ఇంకొంచెం ఎక్కువ కష్టపడాలి.

రెండవది, మీ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయితే, కౌంటరు దగ్గర బిల్లు మొత్తం ఒక్కటే చూసుకొని రావద్దు. జబ్బు పేరు రాసిన చోటు చదవండి. అర్థం కాకపోతే అక్కడే డాక్టరు గారిని మర్యాదగా అడగండి. నేను ఆ రోజు ఆ పని చేయలేదు. ముప్పయి ఏడేళ్ళు ఇతరుల వోచర్లు సరిచూసిన నేను, మా ఇంటి కాగితం చదవకుండానే మడిచి సంచిలో పెట్టుకున్నాను.