రెజ్యూమేలో రాసిన ప్రతి మాటకూ లెక్క చెప్పాలి

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు కొత్తగా వచ్చే పిల్లల్ని చాలా ఏళ్లు ఇంటర్వ్యూ చేశాను. ఆ అనుభవంతో చెబుతున్న కొన్ని మాటలివి.

1. ఫ్రెషర్‌కు ఒక్క పేజీ చాలు. తండ్రి పేరు, మతం, పెళ్లి అయిందా లేదా అన్నవి బయోడేటాల కాలం నాటివి. ఆ జాగాలో మీరు చేసిన ప్రాజెక్టు గురించి రాయండి.

2. పేరు టెన్త్ మెమోలో ఎలా ఉంటే అలాగే రాయండి. మన ఇంటిపేరు ఒక కార్డులో పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా, ఒకచోట ముందు, మరోచోట వెనక ఉంటుంది. ఆఫర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తిప్పలన్నీ అక్కడే. ఆధార్, పాన్ ముందే సరిచేయించుకోండి.

3. వచ్చినవే రాయండి. ఒకబ్బాయి జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్ అంటూ పది పేర్లు రాశాడు. ఇన్నర్ జాయిన్‌కీ లెఫ్ట్ జాయిన్‌కీ తేడా అడిగితే ఫ్యాన్ వైపు చూశాడు. ఒకమ్మాయి రాసినవి రెండే. కాలేజీ లైబ్రరీ ప్రాజెక్టు గురించి అడిగితే, "లాగిన్ పేజీ మా ఫ్రెండ్ చేసింది సార్, జరిమానా లెక్క నాది" అంది. గడువు ఆదివారం తీరితే ఎలా అన్నాను. కాగితం తీసుకుని, సెలవుల పట్టిక గీసి, దాన్ని ఎక్కడ కలిపిందో చూపించింది. ఉద్యోగం ఆమెకే ఇచ్చాం.

4. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకోండి, మంచిదే. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మాత్రం ఎక్కడా కొనకండి. పీఎఫ్ ఉన్న ఉద్యోగమైతే 12 అంకెల యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబర్) కింద ఎక్కడ ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో నమోదై ఉంటుంది. చేశామన్న ఉద్యోగం అందులో లేకపోతే ఏం చెబుతారు?

5. "మీ గురించి చెప్పండి" అంటే ఇంట్లో ఎంతమంది ఉన్నారని కాదు. చదువు, చేసిన పని, ఈ ఉద్యోగమే ఎందుకు అన్నది రెండు నిమిషాల్లో చెప్పండి. బట్టీ పడితే మధ్యలో ఒక్క ప్రశ్న రాగానే తడబడతారు. తెలుగు మీడియంలో చదివామని కుంచించుకుపోవద్దు, చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడండి. తెలియకపోతే తెలియదనండి.

6. "మీరేమైనా అడుగుతారా?" అంటే "ఏం లేదు సార్" అని లేవకండి. మొదటి ఆరు నెలలూ ఏ పని ఇస్తారో, బాండ్ ఉందో లేదో అడగండి.

7. ట్రైనింగ్ ఫీజనీ, డిపాజిట్ అనీ డబ్బు కట్టమంటే మాత్రం లేచి వచ్చేయండి. జీతం వాళ్లు మీకివ్వాలి గానీ, మీరు వాళ్లకు కాదు.